టర్కీ పుంజులు, అమ్మ మరిచిన దీర్ఘం

టర్కీ పుంజు మీదికొస్తే పరిగెత్తకూడదు. మా సాకేత్ అపార్ట్‌మెంటులో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. తెలిసి ఏం ప్రయోజనమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మొన్న చలికాలంలో మా అన్నయ్య కూతురి పుట్టినరోజని గుర్‌గావ్ దాటాక ఏదో ఫార్మ్‌హౌస్‌కి తీసుకెళ్ళారు. గడ్డి మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నామో లేదో, ఒక టర్కీ పుంజు తోక విప్పి, రెక్కల కొసలు నేలకి రాసుకుంటూ మా మీదికి వచ్చింది. పుట్టినరోజుకొచ్చిన కాలేజీ పిల్లలు కేకలేస్తూ కార్ల వైపు పరిగెత్తారు. పరిగెత్తుతూ కూడా ఫోన్లలో వీడియో తీసుకోవడం మానలేదు. నేను చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని దాని మీదికే నాలుగడుగులు నడిచాను. అది ఆగి, మెడ సాచి, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. "అత్తా, డర్ నహీ లగా?" అంది మా మేనకోడలు, భయమెయ్యలేదా అని. అన్నయ్య మాత్రం కుర్చీలోంచి కదల్లేదు, నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వులో ఉన్న పెరడు మా ఇద్దరికి తప్ప అక్కడ ఇంకెవరికీ తెలియదు కనక, నాకున్న పనులన్నీ పక్కనపెట్టి ఇది రాయడానికి కూర్చున్నాను.

అప్పట్లో నాన్న ఆర్మీలో సుబేదారు. ఢిల్లీ కంటోన్మెంటులో మాకిచ్చిన క్వార్టరు పాతకాలంది. ముందు రెండు గదులు, వెనక వంటగది, ఆ వెనక గోడ చుట్టిన పెరడు. పెరట్లో ఒక జామచెట్టు, ఒక నల్లా, బొగ్గులు పోసుకునే చిన్న కొట్టు. చలికాలం పొద్దున్నే బొగ్గుల అంగీఠీ రాజేసిన పొగ, నాన్న బూట్ల పాలిష్ వాసన, అమ్మ పోపులో ఎండుమిరపకాయల ఘాటు, ఈ మూడూ కలిసి నా ముక్కులో ఇప్పటికీ ఒకే వాసనగా ఉండిపోయాయి. బూట్లు పాలిష్ చేయడం నాన్నకి నిత్యపూజ. గుడ్డ వేలికి చుట్టి, నీటిచుక్క అద్ది, గుండ్రంగా రుద్ది రుద్ది, బూటు ముక్కులో మొహం కనిపించేదాకా వదిలేవారు కాదు. ఆ తర్వాత అన్నయ్య బూట్లు తనిఖీ చేసేవారు. అన్నయ్యని ఇంట్లో బాబ్జీ అనేవాళ్ళం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. తెలుగులో వినేవాడు, హిందీలో జవాబిచ్చేవాడు. నాన్న ముందు మాత్రం రెండు భాషల్లోనూ మౌనమే. మా ఇంట్లో అందరికీ కోపం ఎక్కువ, నాకూ తక్కువేం లేదు. కాకపోతే మగవాళ్ళిద్దరికీ అది ముక్కు మీద ఉండేది, అమ్మకీ నాకూ గరిటెలో ఉండేది.

నాన్న ఆఫీసులో ఒక మేజర్ సాహెబ్ క్రిస్మస్ విందు కోసమని టర్కీ పిల్లల్ని తెచ్చి బంగళా వెనక పెంచుకున్నాడు. విందు రాకముందే ఆయనకి ఈశాన్యంలో ఎక్కడికో పోస్టింగు వచ్చింది. వెళ్తూ వెళ్తూ మూడు పుంజుల్నీ రెండు పెట్టల్నీ నాన్నకి అప్పగించి, "సుబేదార్ సాబ్, దేఖ్ లేనా" అన్నాడు. జాగ్రత్తగా చూసుకోమనడానికీ, ఏం చేసుకుంటావో నీ ఇష్టం అనడానికీ కూడా ఆ మాట సరిపోతుంది. నాన్న మొదటి అర్థమే తీసుకున్నారు. పైగా ఆయనది భీమవరం దగ్గరి పల్లె, మా తాతయ్య పందెం కోళ్ళు మేపిన మనిషి. పుంజు కనబడగానే నాన్న ఒంటి మీంచి ఇన్నేళ్ళ సర్వీసూ జారిపోయి, లుంగీ ఎగగట్టిన కుర్రాడు బయటికొచ్చేవాడు. ఆ వైపు పుంజులకి రంగుని బట్టి పేరు. నల్లది కాకి, తెల్లది సేతువ, ఎర్రగా మెరిసేది డేగ. వచ్చిన సాయంత్రమే ఆ మూడింటికీ నామకరణం అయిపోయింది.

"ఇయి పందెం కోళ్ళు కావండీ. వీటి వాటం ఏంటో మనకేం తెలుసు?" అంది అమ్మ.

"పుంజు పుంజేనే. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ చూస్తన్నాను, నాకు చెప్తావేంటి" అన్నారు నాన్న.

చలి విరిగేదాకా మూడూ అన్నదమ్ముల్లాగే తిరిగాయి. ఒకే గిన్నెలో మేత, ఒకే గోడ మీద నిద్ర. ఎండ కాస్త ముదిరిందో లేదో వాటి తలలు ఎర్రగా, నీలంగా రంగులు మారడం మొదలైంది. ముక్కు మీది తోలుతిత్తి జారి గడ్డం దాకా వేలాడేది. ఒళ్ళు ఉబ్బించి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ గుడగుడమని అరిచేవి. కుక్కర్ విజిల్ వేస్తే అరుపు, సైకిలు గంటకి అరుపు, పెరేడ్ గ్రౌండులో బ్యూగిల్ ఊదితే మూడూ కలిసి అరుపు. "చూడు, సెల్యూట్ కొడతన్నాయి" అని నాన్న మురిసిపోయేవారు. ఉన్న రెండు పెట్టలూ వీటి గొడవ పడలేక బొగ్గుల కొట్టు వెనక నక్కేవి. నల్లా దగ్గరికి వెళ్ళాలంటే నాకు ప్రాణసంకటం. నేను పరిగెత్తిన ప్రతిసారీ అవి వెంటపడేవి. "పరిగెత్తావంటే అది నెగ్గినట్టే అమ్మడూ. నడువు. దాని మీదికే నడువు" అని నాన్న నేర్పారు. మరీ మొండికేస్తే రెండు చేతులతో వీపు మీద అదిమి నేలకి కూర్చోబెట్టి, అది ఊపిరి కుదుటపడేదాకా ఉంచి, ఆనక చంకన పెట్టుకుని పెరడంతా తిప్పేవారు. మిగతా వాటి ముందు అలా ఊరేగాక ఆ పూటకి అది బుద్ధిగా ఉండేది. ఆ విద్యలో ఆయనకి వంక పెట్టడానికి లేదు.

కానీ డేగ ఆయనకీ లొంగలేదు. పొద్దున్నే నాన్న బూట్లు వేసుకుని పెరట్లోకి వస్తే చాలు, ఎగిరి ఆ బూట్ల మీద పడి పొడిచేది. సుబేదారుకే ఎదురు తిరిగిందని ఆయనకి లోలోపల గర్వం, పైకి కోపం. వారం రోజులు ఆ యుద్ధం చూశాక అమ్మ, చెప్పులేసుకుని వస్తే అది ఆయన జోలికి పోవడం లేదని కనిపెట్టింది. "మిమ్మల్ని కాదండీ బాబూ. ఆ బూటులో దాన్ని అదే చూసుకుని పొడుస్తంది" అంది. నాన్న నమ్మలేదు. నమ్మలేదు గానీ, మర్నాటి నుంచీ బూట్లు చేత్తో పట్టుకుని ముందు వాకిట్లోకి వెళ్ళి తొడుక్కున్నారు. ఆయన ఒక మాటకి వెనక్కి తగ్గడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

అసలు పోట్లాట ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మధ్యాహ్నం కాకీ డేగా మెడలు పెనవేసుకుని, ఒకదాని ముక్కు తిత్తి ఇంకోటి కరిచి పట్టుకుని, పెరడంతా ఈడ్చుకున్నాయి. కాకి తల చిట్లి రక్తం కారింది. రక్తం కనబడగానే, అప్పటిదాకా దూరంగా ఉన్న సేతువ కూడా వచ్చి ఆ గాయం మీదే పొడవసాగింది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి పందెంకోళ్ళ వైద్యం మొదలుపెట్టారు. గాయానికి పసుపూ నూనె, నానబెట్టిన సజ్జలు, ఉడికించిన గుడ్డు. ఆ తర్వాత కాకిని బొగ్గుల కొట్టులో చీకట్లో పెట్టి తలుపు మూశారు. "ఓడిన పుంజుకి నెగ్గిన పుంజు కంటబడకూడదు. పడితే దాని గుండె చెదిరిపోద్ది. పది రోజులు చీకట్లో ఉంటే మళ్ళీ కొత్తదైపోద్ది" అన్నారు. అది కొత్తదైపోవడమే ముప్పు అని మాకెవరికీ తెలియదు. భీమవరం వైపు తరతరాలుగా సరిగ్గా పనిచేసిన వైద్యం మరి, ఢిల్లీలో తప్పుతుందని ఎవరనుకుంటారు.

ఆ పది రోజుల లోపలే మా ఇంట్లో రెండో పోట్లాట జరిగింది. అన్నయ్యని ఆఫీసరుగా చూడాలని నాన్న ఆశ. సుబేదారు కొడుకు ఆఫీసరైతే తండ్రే ముందు సెల్యూట్ చేయాలి, ఆ సెల్యూట్ ఆయన ఎన్నేళ్ళుగా దాచుకున్నారో నాకు తెలుసు. సెలక్షన్ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. రాత్రి అన్నాలు తింటుండగా అన్నయ్య మొదటిసారి నోరు విప్పాడు. "నేను వెళ్ళను నాన్నా. ముఝే ఫౌజ్ మే నహీ జానా. బస్." నాన్న చెయ్యి లేచింది. వాడు ఆ చెయ్యిని గాల్లోనే పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఎలా వదలాలో వాడికి తెలియలేదు, ఎలా విడిపించుకోవాలో ఆయనకీ తెలియలేదు. అమ్మ చేతిలో చారు గిన్నె అలాగే ఉండిపోయింది. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అన్నారు నాన్న చివరికి, చాలా మెల్లగా. మర్నాడు అన్నయ్య ఒక సంచీతో కటవారియా సరాయ్‌లో స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. అక్కడ పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళు గదికి ముగ్గురేసి ఉండేవాళ్ళు. "కొన్నాళ్ళు కంటబడకుండా ఉండనీ. వాడికే తెలిసొస్తది" అని నాన్న అమ్మతో అన్నారు. కంచాలు మూడే పెట్టాలని తెలిసి కూడా అమ్మ నాలుగో కంచం కడిగి, మళ్ళీ అటక మీద పెట్టేది. వాడు ఇక ఇంటికి రాడేమోనన్న భయం ఆవిడ మొహంలో పొద్దున్న లేచింది మొదలు కనిపించేది.

పదకొండో రోజు నాన్న కొట్టు తలుపు తీశారు. కాకి నిగనిగలాడుతూ బయటికొచ్చింది. డేగ దాన్ని ఎన్నడూ ఎరగనట్టు చూసింది. ఆ తర్వాత జరిగినది మొదటి పోట్లాటకి రెండింతలు. ముందుసారి ఎవరు పెద్దో తేల్చుకోవడానికి కొట్టుకున్నాయి, ఈసారి పరాయివాణ్ణి తరిమినట్టు కొట్టుకున్నాయి. కాకి గోడ దాటి పక్కింటి వాళ్ళు ఆరేసిన దుప్పట్ల మీద పడింది. నాన్న దాన్ని మళ్ళీ కొట్టులో పెట్టారు. "ఇంకో పది రోజులు కావాలి" అన్నారు. హోలీ నాడు అన్నయ్య వచ్చాడు. అమ్మ బతిమాలి కబురు పెడితే వచ్చాడు. చెంపలకి రంగు, చేతిలో మిఠాయి పొట్లం. నాన్న వాణ్ణి చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు ముందు గదిలో కూర్చోమన్నారు. పది నిమిషాలు కాలేదు, జుట్టు ఎందుకు పెంచావన్న దగ్గర మొదలై, గొడవ 'నా ఇంట్లో ఉండాలంటే' అన్న మాట దాకా వెళ్ళింది. అన్నయ్య మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పొట్లం మూడు రోజులు అక్కడే ఉంది. ఎవరం విప్పలేదు.

పక్కింటి ఆంటీది రోహ్‌తక్ దగ్గరి ఊరు. మేం రోహ్‌తక్ ఆంటీ అనేవాళ్ళం. తన దుప్పట్ల సంగతి తేల్చుకోవడానికి వచ్చి, కొట్టులో ఉన్న కాకిని చూసి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "భాభీజీ, ఛుపాకే మత్ రఖో. ఆంఖోఁ కే సామ్నే రఖో" అంది. దాచి పెట్టొద్దు, కళ్ళెదుటే ఉంచు అని. వాళ్ళ ఊళ్ళో కొత్త గేదెని తెస్తే విడిగా కట్టరట. పాతవాటికి కనబడేలా, కొమ్ము అందకుండా, పక్కనే కడతారట. కనబడకుండా దాస్తే అవి మరిచిపోతాయి, మరిచిపోయాక వచ్చినది పరాయిదే అవుతుంది అని ఆవిడ లెక్క. "బీచ్ మే జాలీ లగా దో" అని కూడా చెప్పింది. మధ్యలో ఇనుపజాలీ కట్టెయ్యమని.

అమ్మ ఆ సాయంత్రమే పనిలోకి దిగింది. కిటికీలకి కొట్టగా మిగిలిన జాలీ తెచ్చి, వెదురుబద్దలకి బిగించి, పెరడుకి అడ్డంగా కట్టింది. అటు కాకి, ఇటు డేగా సేతువా. మేత గిన్నెలు జాలీకి రెండు వైపులా ఆనించి పెట్టింది, ఒకరినొకరు చూసుకుంటూ తినేలా. గాయం పూర్తిగా మానేదాకా కాకికి పసుపు రాయడం ఆపలేదు. నులకమంచాలు రెండు అక్కడక్కడా నిలబెట్టి చాటు కల్పించింది. నాన్నని పోరి, మెస్ వెనక పెంచేవాళ్ళ దగ్గర్నుంచి ఇంకో నాలుగు పెట్టల్ని తెప్పించింది. "రెండు పెట్టలకి మూడు పుంజులైతే దేవుడు కూడా తగువు తీర్చలేడు" అంది. మొదటి మూడు రోజులు పుంజులు జాలీని పొడిచాయి. తర్వాత పక్కపక్కనే నడవడం మొదలుపెట్టాయి, మధ్యలో ఇనుము ఉందన్నమాటే గానీ అడుగులో అడుగు. రెండు వారాలయ్యాక ఒక మిట్టమధ్యాహ్నం, కడుపునిండా మేత పెట్టి, గిన్నెలూ మంచాలూ అన్నీ చోటు మార్చి, పెరడు అందరికీ కొత్తగా ఉండేలా చేసి, అమ్మ జాలీ విప్పింది. డేగ ఒళ్ళు ఉబ్బించింది. కాకి కాసేపు నిలబడి, మెడ దించి, పక్కకి వెళ్ళి గింజలు ఏరుకుంది. అంతే. "వైర్ మెష్ గట్టిది కాబట్టి ఆగాయి" అన్నారు నాన్న. ఆయన దాన్ని చివరిదాకా మెష్ అనే అన్నారు. జాలీ అనేది అమ్మా ఆంటీ మాట.

మనుషుల్ని కోళ్ళతో పోల్చడం అమ్మకి గిట్టదు. ఆ పోలిక ఆవిడ మాకెప్పుడూ నోటితో చెప్పలేదు, కానీ అన్నయ్యకి ఒక ఇన్‌లాండ్ కవరు రాసింది. అమ్మ చదువు అయిదో తరగతి. ఆవిడ రాతలో గుడిదీర్ఘాలూ మాట చివరి దీర్ఘాలూ ఉండవు, నీళ్ళు నిళ్ళు అయ్యేవి, బాబ్జీ బాబ్జి అయ్యేవాడు. ఇంటి వంటలూ నా చదువూ రాశాక ఆ కవరులో ఇలా ఉంది: "మి నాన్నకి నికు మద్య జాలి లేకుండ పోయింది. అదుంటె చాలుర. ఒకళ్ళకొకళ్ళు కనపడత ఉంటారు. దెబ్బ తగలదు." అంతవరకూ రాసి, పాలవాడు కేకేస్తే వంటింటి గూట్లో పెట్టి వెళ్ళింది. నేను చూస్తుండగానే నాన్న కళ్ళజోడు కోసం ఆ గూట్లో చెయ్యి పెట్టారు. కవరు తీసి చదివారు. ఒకసారి చదివి, వెలుతురులోకి జరిగి మళ్ళీ చదివారు. ఢిల్లీలో ఎన్నేళ్ళున్నా తెలుగు అక్షరాల్లో కనబడిన మాటని నాన్న తెలుగుగానే చదువుతారు. ఆయనకి అది కరుణే, కిటికీకి కొట్టేది కాదు. కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. రెండు రోజులు ఇంట్లో గొంతెత్తలేదు. పుంజుల మీద కూడా.

ఆదివారం పొద్దున్నే స్కూటరు తీశారు. ఎక్కడికని అమ్మ అడిగితే "పనుంది" అన్నారు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుని, "వచ్చే ఆదివారం బాబ్జీ వస్తాడు. గుత్తొంకాయ చెయ్యి" అన్నారు. అమ్మ ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. ఆయనే, తల ఎత్తకుండా అన్నారు. "వాడికీ నాకూ మధ్య జాలి లేదని రాశావు. నిజమే అనిపించిందే." అమ్మ చెప్పబోయింది. పెదవులు విడివడటం నేను చూశాను. కవరులో ఏముందో నాకూ తెలుసు, దీర్ఘం సంగతీ తెలుసు, నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో లేచాను. అమ్మ నా వెనకే వంటింట్లోకి వచ్చి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు గానీ నోరు మెదిపావంటే చూడు" అంది. కళ్ళ నిండా నీళ్ళు.

అన్నయ్య ఆర్మీలో చేరలేదు. నాన్న సెల్యూట్ అలాగే మిగిలిపోయింది, ఆ బాధ ఆయనకి పోలేదు, పోయిందని రాస్తే అబద్ధం. కానీ ఆదివారాలు వాడు వచ్చాడు. మొదట వీధి అరుగు మీద కూర్చున్నాడు, తర్వాత గడపలో, తర్వాత లోపల. ఇప్పుడు మా చుట్టూ ఎవరికి కోపమొస్తే వాళ్ళు తమ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నారు. ఫోనులో నంబరు మూసేసుకుంటున్నారు. అందరికీ ఒక్కో బొగ్గుల కొట్టు, ఏసీ పెట్టినది. అప్పుడే బాగుండేదని చెప్పను. అప్పుడు చెయ్యి లేచేది, ఆడవాళ్ళు చారు గిన్నె పట్టుకుని నిలబడేవారు. వేరే గది లేక ఎదురెదురుగా పడి ఉండేవాళ్ళం, అందులో మా గొప్పేం లేదు. అయినా కొన్నిసార్లు ఆ ఇరుకు కోసం ప్రాణం కొట్టుకుపోతుంది.

కటవారియా సరాయ్ గదిలో ఆ రోజు ఏం జరిగిందో నాన్న చెప్పలేదు. అన్నయ్యా చెప్పలేదు. నాన్న పోయాక, పదకొండో రోజు పనులయ్యి చుట్టాలంతా వెళ్ళాక, అమ్మా నేనూ వాడూ మిగిలాం. అమ్మ ఒక మూల కూర్చుని నాన్న చొక్కాలు మడుస్తోంది. అన్నయ్య ఉన్నట్టుండి మొదలుపెట్టాడు.

"నాన్న వచ్చి నా మంచం అంచున కూర్చున్నారు. తర్వాత, 'మనిద్దరి మధ్యా జాలి లేదని మీ అమ్మ అంటంది. ఉందిరా. పైకి కనపడదు గానీ, ఉంది' అన్నారు. నాకు ముందు కోపమొచ్చింది. జాలీ అంటే నాకు కిటికీ జాలీయే తెలుసు కదా, ఇద్దరి మధ్యా అడ్డం ఉందని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా అనుకున్నాను. మొహం చూస్తే ఆయన గడ్డం వణుకుతోంది."

అమ్మ చేతుల్లో చొక్కా ఆగిపోయింది. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఏమన్నావు మరి?" అని అడిగాను.

"ఉంటే ఉండనివ్వండి నాన్నా, మీరు కనపడతానే ఉన్నారు అన్నాను."